హుస్నె జన్న్: సదభిప్రాయమా, గుడ్డినమ్మకమా?

గత రంజాన్‌లో మాచర్లలోని ఒక మస్జిదులో తరావీహ్ ముగిశాక చిన్న వాగ్వాదం జరిగింది. కప్పు మరమ్మతుకు వచ్చిన చందా ఎంత, ఖర్చు ఎంత అని నాపరాయి పనిచేసే యువకుడొకడు అడిగాడు. "సాటి ముస్లిం మీద బద్‌గుమానీ హరామ్ బేటా!" అని కమిటీ పెద్ద ఒకరు గద్దించారు. మరునాడు ఆ యువకుడు నా వద్దకు వచ్చి, "మౌల్వీ సాబ్, నేను గునా చేశానా?" అన్నాడు.

అరబీలో 'జన్న్' అంటే పూర్తి ఎరుక లేనిచోట మనసు ఒకవైపు మొగ్గటం. మంచివైపు మొగ్గితే హుస్నె జన్న్, చెడువైపు మొగ్గితే బద్‌గుమానీ. నా అనువాదాలలో 'సదభిప్రాయం' అని వ్రాస్తూ వచ్చాను గాని, ఆ మాట నాకెన్నడూ తృప్తినివ్వలేదు. అభిప్రాయం అనగానే తీర్పు అయిపోయినట్లు వినిపిస్తుంది. 'సంశయలాభం' అన్నది కోర్టు మాట. విచారణ ముగిసి నేరం రుజువు కానప్పుడు ముద్దాయికి దక్కేది అది. హుస్నె జన్న్ విచారణకు ముందే, విచారణ మన పని కానిచోట కూడా, పొరుగువానికి దక్కవలసిన హక్కు.

సూరా హుజురాత్ 12వ ఆయత్ అనుమానాలను చాలావరకు మానుకోమంటుంది, కొన్ని అనుమానాలు పాపమంటుంది. ఆ వెంటనే ఇతరుల గుట్టు తవ్వవద్దని, వెనుక నిందించవద్దని చెబుతుంది. వరుస గమనించండి: మనసులో పుట్టినది కంటికి ప్రాకి, చివరకు నాలుక మీదికి వస్తుంది. అదే సూరా 6వ ఆయత్, దుర్మార్గుడు వార్త తెస్తే విచారించి తెలుసుకోమంటుంది. కనుక విచారించటం వేరు, అనుమానించటం వేరు. ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైన ఆయత్, సూరా బఖరా 282వది, అప్పును వ్రాసుకోమని చెప్పేదే. మిరప వ్యాపారి చిట్టా వ్రాస్తే రైతును దొంగ అన్నట్లా?

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) జకాత్ వసూలుకు ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తిని పంపారు. అతడు తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు వచ్చిన కానుక అన్నాడు. ప్రవక్త అతని లెక్క చూశారు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుంటే ఆ కానుక నీ దగ్గరకు వచ్చేదా అని అడిగారు. దీనిని ఎవరూ బద్‌గుమానీ అనలేదు.

మరొక హదీసు. ఎతికాఫ్‌లో ఉన్న ప్రవక్త ఒక రాత్రి హజ్రత్ సఫియ్యాను సాగనంపుతున్నారు. ఇద్దరు అన్సారీలు చూసి వడివడిగా పోబోయారు. ఆయన వారిని ఆపి, ఈమె సఫియ్యా అని చెప్పారు. వారు ఏమీ అడగలేదు, అయినా చెప్పారు. షైతాన్ వారి మనసులో ఏదైనా వేస్తాడేమోనన్నదే ఆయన భయం. చందా డబ్బా చేతబట్టినవారు అడగకముందే లెక్క గోడకు అంటించాలని నేను దీనినుండే గ్రహిస్తున్నాను.

ఇంతకూ ఆ రాత్రి బద్‌గుమానీ చేసినదెవరు? యువకుడు ముఖాముఖి ప్రశ్న అడిగాడు. పెద్దాయన అతని మనసులో చెడు ఉన్నదని తేల్చేశారు. మరునాడు టీ కొట్టు దగ్గర "తినేశారట" అన్నవారు లెక్క చూడకుండానే తీర్పు చెప్పారు.

ఒక సమాజమంతటి మీద అనుమానం పడితే ఎట్లా ఉంటుందో మనకు తెలియనిది కాదు. 2007 మే 18 శుక్రవారం హైదరాబాదు మక్కా మస్జిదులో బాంబు పేలి నమాజీలు మరణించారు. తరువాత పోలీసులు పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. కొందరు నెలల తరబడి జైలులో గడిపి నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు అటుపిమ్మట హిందూ సంస్థలతో సంబంధమున్నవారి వైపు మళ్ళింది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఆ అయిదుగురినీ, నేరం రుజువు కాలేదని విడిచిపెట్టింది. మన పిల్లల విడుదలను న్యాయమన్నాము. రెండవ విడుదల వినగానే, వాళ్ళే చేశారని తీర్మానించుకున్నాము. నేనూ ఆ మాట అన్నవాడినే. మరి హంతకులెవరు అని మృతుల కుటుంబాలు అడగవచ్చు, తీర్పుపై అప్పీలు కోరవచ్చు, అది విచారణ. నేను అన్నది విచారణ కాదు.

ఆ యువకునికి గునా లేదని చెప్పాను. ప్రశ్నను కాగితం మీద వ్రాసి కమిటీకి ఇమ్మన్నాను, టీ కొట్టు దగ్గర మాత్రం ఎత్తవద్దన్నాను. వ్రాసి ఇచ్చాడు. జవాబు కోసం చూస్తున్నాడు.