80 లక్షల ఫ్లాట్‌కి సొంత డబ్బు ఎంత, అప్పు ఎంత?

కూకట్‌పల్లిలో ఐదారేళ్ల కిందట కట్టిన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ 80 లక్షలకి బేరం కుదిరిందనుకుందాం. ఉండటానికి కాదు, అద్దెకివ్వడానికి. కొనే మనిషి దగ్గర 45 లక్షలున్నాయి. ఉన్నదంతా పెట్టేసి అప్పు తగ్గించుకోమంటారు ఇంట్లో పెద్దవాళ్లు. బ్యాంకు ఎంతిస్తే అంత తీసుకో, నీ డబ్బు కదపకు అంటారు ఆఫీసులో స్నేహితులు. రెండింటినీ లెక్క కట్టి చూద్దాం.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు గృహరుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం, ఆపైన 75 శాతం దాకా బ్యాంకులు ఇవ్వొచ్చు. మన ఫ్లాట్‌కి 80 శాతమంటే 64 లక్షలు. ఇక కావలసింది 16 లక్షలే కదా అనిపిస్తుంది. కానీ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ విలువలో కలపరు. తెలంగాణలో 2021 జులై నుంచి అవన్నీ కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. రంగులు, అల్మరాలు, బ్యాంకు ఫీజులు, బ్రోకర్ కమిషన్‌కి మరో 5 లక్షలు వేసుకోండి. చేతి నుంచి తప్పనిసరిగా పోయేది 27 లక్షలు. 20 శాతం చాలనుకున్నది 34 శాతం దగ్గర తేలింది.

అదీ మొత్తం వైట్‌లో జరిగితే. అమ్మేవారు 60 లక్షలకే రిజిస్ట్రేషన్ చేసి 20 లక్షలు నగదుగా ఇమ్మంటే కొనేవారికి రిజిస్ట్రేషన్‌లో లక్షన్నర మిగులుతుంది. బ్యాంకు మాత్రం కాగితం మీది 60 లక్షలనే చూసి 48 లక్షలతో ఆపేస్తుంది. దాంతో 27 లక్షలు కాస్తా 41.5 లక్షలవుతాయి. లక్షన్నర ఆదా కోసం పద్నాలుగున్నర లక్షలు అదనంగా పెట్టాలి. రేపు తిరిగి అమ్మేటప్పుడు కొన్న ధర 60 లక్షలే కాబట్టి ఆ 20 లక్షల మీద లాభపు పన్ను మన నెత్తినే పడుతుంది. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. ఈ ఏర్పాటులో లాభమంతా అమ్మేవారిదే. కొనేవాళ్లు ఎందుకు తలూపుతారో నాకు అంతుబట్టదు.

సరే, వైట్‌లోనే కొన్నాం. 27 లక్షలు పెట్టి 64 లక్షల అప్పు తీసుకుంటే 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకి ఈఎంఐ దాదాపు 55,540 రూపాయలు. 45 లక్షలూ పెట్టేస్తే అప్పు 46 లక్షలు, ఈఎంఐ 39,920. అద్దె 20 వేలు వస్తుందనుకుంటే మొదటి దారిలో నెలనెలా జేబులోంచి 35 వేల పైన, రెండో దారిలో 20 వేలు కట్టాలి.

లాభం సంగతి? మెయింటెనెన్స్ పోను ఏడాది అద్దె 2 లక్షలనుకోండి. ఫ్లాట్ ధర ఏటా 10 శాతం పెరిగితే పెద్ద అప్పు తీసుకున్నవారి 27 లక్షల మీద మొదటి ఏడాది 17 శాతం గిట్టుబాటు. అప్పు తగ్గించుకున్నవారికి 13.6 శాతమే. ధర 3 శాతమే పెరిగితే తలకిందులు: మొదటివారికి లక్ష నష్టం, రెండోవారికి అరలక్ష లాభం. రెండూ సమానమయ్యేది ధర 7 శాతం చిల్లర పెరిగినప్పుడు. అంతకు మించి పెరుగుతుందన్న నమ్మకం ఉన్నవారికే పెద్ద అప్పు పనికొస్తుంది. పన్ను రాయితీ ఆదుకుంటుందనుకుంటే, కొత్త పన్ను విధానంలో అద్దె కన్నా వడ్డీ ఎక్కువైతే వచ్చే ఇంటి నష్టాన్ని జీతంలోంచి తీసేయడం కుదరదు.

వడ్డీ కూడా నిలకడగా ఉండదు. గృహరుణాల వడ్డీని నడిపించే రెపో రేటు 2022 మేకి ముందు 4 శాతముంటే 2023 ఫిబ్రవరికల్లా 6.5 శాతానికి చేరింది. 64 లక్షల అప్పు 7 నుంచి 9.5 శాతానికి మారితే ఈఎంఐ 49,600 నుంచి 59,650కి పోతుంది. ఈఎంఐ పెంచకపోతే గడువు పెరుగుతుంది.

ఇవన్నీ చూస్తే పెద్దల మాటే నెగ్గినట్టు కనిపిస్తుంది. కానీ వాళ్లు లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. ఫ్లోటింగ్ వడ్డీ మీద తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చినా వ్యక్తుల దగ్గర జరిమానా వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. కాబట్టి చేతిలోని డబ్బును అప్పులోకి ఎప్పుడైనా పంపొచ్చు. వెనక్కి తెచ్చుకోవడమే కష్టం. ఫ్లాట్ అమ్మాలంటే నెలలు పడుతుంది, టాప్‌అప్ లోన్‌కి బ్యాంకు జీతం కాగితాలు అడుగుతుంది. ఉద్యోగం పోయిన నెలలో అవి ఎక్కణ్నుంచి తెస్తాం?

అందుకే కొంత చేతిలో ఉండాలి. ఊరికే ఉండదు, దానికీ ఒక ఖరీదుంది. 8 లక్షలు చేతిలో ఉంచుకున్నామనుకోండి. ఆ మేరకు పెరిగిన అప్పు మీద ఏడాది వడ్డీ 68 వేలు. అంతే సొమ్మును 6.5 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెడితే వచ్చేది 52 వేలు, 30 శాతం శ్లాబులో సెస్సుతో సహా పన్ను పోను దాదాపు 36 వేలు. తేడా 32 వేలు, నెలకి 2,700 లోపు. ఇంటిఖర్చు నెలకి 60 వేలున్నవారికి ఈఎంఐతో కలిపి ఆరు నెలలకి ఆరున్నర లక్షలు కావాలి. ఫ్లాట్ రెండు నెలలు ఖాళీగా ఉన్నా, మోటారు కాలిపోయినా తట్టుకోవడానికి 8 లక్షలు సరిపోతాయి. కాబట్టి నేనైతే 45లో 37 పెట్టి 54 లక్షల అప్పు తీసుకుంటాను. ఈఎంఐ 46,860 దగ్గర వస్తుంది. ఎస్‌బీఐ మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓవర్‌డ్రాఫ్ట్ గృహరుణం దొరికితే ఆ 8 లక్షలు అందులోనే వేసుకోవచ్చు. వడ్డీ తగ్గుతుంది, కావాలంటే తీసుకోవచ్చు. రేటు మామూలు రుణం కన్నా ఎంత ఎక్కువో మాత్రం అడిగి తెలుసుకోండి.

ఖాళీ స్థలానికి ఈ లెక్క పనికిరాదు. అద్దె సున్నా, ఈఎంఐ మొత్తం జేబులోంచే. అక్కడ చేతిలో ఉండాల్సిన మొత్తం ఇంకా పెరగాలి.