నడక నేర్చిన బిడ్డతో విమాన ప్రయాణం



పిల్లల్ని వెంటబెట్టుకుని ఊళ్ళు తిరగడం మనకు కొత్త కాదు. సరిహద్దు జిల్లాల్లో ఉండేవాళ్ళం. పుట్టిల్లు ఒక రాష్ట్రంలో ఉంటే అత్తిల్లు మరో రాష్ట్రంలో ఉంటుంది. చంకలో బిడ్డ, చేతిలో సంచీ పట్టుకుని బస్సులు మారడం మన ఇళ్ళలో అందరికీ అలవాటే. అయితే ఇప్పుడు కూతురు ఢిల్లీలో ఉంటోంది, కొడుకు దుబాయిలో ఉంటున్నాడు. కాన్పుకు వచ్చిన అమ్మాయి తిరిగి వెళ్ళాలన్నా, మనవడి పుట్టినరోజుకు మనం వెళ్ళాలన్నా విమానం ఎక్కవలసి వస్తోంది.

రైల్లో బిడ్డ ఏడిస్తే ఎత్తుకుని పెట్టె ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పుతాం. పై బెర్తుకు చీర కట్టి ఉయ్యాల వేస్తాం. స్టేషను వస్తే కిటికీలోంచి జనాన్ని చూపిస్తాం. విమానంలో ఇవేవీ కుదరవు. అందులోనూ ఏడాది దాటి మూడేళ్ళు నిండని వయసు మరీ కష్టం. పాలు తాగి పడుకునే వయసు దాటిపోయింది, చెబితే వినే వయసు ఇంకా రాలేదు.

ఈ వయసు బిడ్డ విమానంలో ఏడిస్తే దాన్ని అల్లరి అనుకోవద్దు. చెవి నొప్పి కావచ్చు, ఆకలి కావచ్చు, నిద్ర చాలకపోవడం కావచ్చు, కాళ్ళూ చేతులూ ఆడించే చోటు లేకపోవడం కావచ్చు. ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణాలు ముందుగా తెలిస్తే చాలా ఏడుపు రాకుండానే ఆపవచ్చు. ఈ ప్రసంగంలో ఆ కారణాలనే ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది ప్రయాణం ఎంతసేపు అన్న లెక్క. బెంగళూరు నుంచి ఢిల్లీకి విమానంలో సుమారు రెండు ముప్పావు గంటలు. మనం ఆ రెండు ముప్పావు గంటలనే గుర్తుపెట్టుకుని సంచీ సర్దుకుంటాం. కానీ హోసూరులో ఉండేవాళ్ళు బెంగళూరు నగరం మొత్తం దాటి దేవనహళ్ళి చేరాలి. రద్దీ ఉంటే అదే రెండున్నర, మూడు గంటలు. దేశంలోని ప్రయాణాలకు రెండు గంటలు ముందుగా, విదేశాలకైతే మూడు గంటలు ముందుగా విమానాశ్రయంలో ఉండాలి. దిగాక పెట్టెల కోసం నిలబడాలి, అక్కడి నుంచి ఇంటికి చేరాలి. మొత్తం తొమ్మిది గంటలవుతుంది. రాయగడ నుంచి విశాఖపట్నం వచ్చి ఎక్కేవాళ్ళకైనా, యానాం నుంచి రాజమహేంద్రవరం వెళ్ళి ఎక్కేవాళ్ళకైనా లెక్క ఇలాంటిదే. పాలు, తిండి, మార్చే బట్టలు, డైపర్లు ఈ మొత్తం సమయానికి సరిపడా ఉండాలి. విమానం ఆలస్యమయ్యే రోజులూ ఉంటాయి కనుక దానికి మించి కొన్ని ఉంచుకోండి. బిడ్డకు రెండు జతలతో పాటు తల్లికీ ఒక రవికో, పైబట్టో చేతిసంచీలో ఉండాలి. బిడ్డ వాంతి చేసుకుంటే తడిసేది ఇద్దరూ కదా!

రెండోది టికెట్టు, కాగితాలు. రెండేళ్ళు నిండని బిడ్డకు విడిగా సీటు కొననక్కరలేదు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. అయినా బిడ్డ పేరు మీద టికెట్టు మాత్రం ఉండాలి. వయసు రుజువుకు జనన ధ్రువపత్రం దగ్గర ఉంచుకోండి. వెళ్ళేటప్పుడు రెండేళ్ళ లోపు ఉండి, తిరిగి వచ్చేలోగా రెండేళ్ళు నిండితే, తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి. విదేశానికైతే పసిబిడ్డకు కూడా సొంత పాస్‌పోర్టు కావాలి.

ఒళ్ళో కూర్చునే బిడ్డకు విమాన సిబ్బంది ఒక చిన్న బెల్టు ఇస్తారు. దాన్ని తల్లి బెల్టుకు తగిలించి బిడ్డ నడుముకు పెట్టాలి. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టుకోకూడదు. విమానం ఒక్కసారిగా కుదిపితే తల్లి బరువంతా బిడ్డ మీద పడుతుంది. నడవా పక్కనుండే సీటు కన్నా కిటికీ పక్క సీటు మేలు. నడవాలో వేడి టీ, కాఫీలతో బండి వస్తూ పోతూ ఉంటుంది. బిడ్డ చెయ్యి బయటికి చాచిందంటే వేళ్ళు నలగవచ్చు, కాలవచ్చు.

ఇక అసలు సంగతికి వద్దాం. చెవి నొప్పి.

మీలో చాలామంది ఊటీ వెళ్ళి ఉంటారు. కొరాపుట్ ఘాట్‌లో బస్సెక్కి ఉంటారు. కొండ ఎక్కుతూ దిగుతూ ఉంటే చెవులు దిబ్బడ వేసి, గుటక మింగగానే టప్పుమని తెరుచుకుంటాయి. విమానంలో జరిగేదీ అదే. విమానం పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతున్నా, లోపలి గాలిని యంత్రాలతో అదిమి ఉంచుతారు. అందువల్ల లోపల ఉన్నవాళ్ళకు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున ఉన్నట్టు ఉంటుంది. ఊటీ ఎత్తు సుమారు 2,240 మీటర్లు. అంటే మనం సీట్లో కూర్చునే ఊటీ ఎక్కి దిగుతున్నామన్నమాట. ఊటీ నుంచి మేట్టుపాళయానికి బస్సులో దిగడానికి రెండు గంటల దాకా పడుతుంది. విమానం ఆ దిగడమంతా సుమారు అరగంటలో ముగిస్తుంది.

చెవి లోపలి భాగం నుంచి గొంతు వెనకకు ఒక సన్నని గొట్టం ఉంటుంది. మామూలుగా అది మూసుకుని ఉంటుంది, గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు తెరుచుకుంటుంది. విమానం పైకి లేచేటప్పుడు చెవిలోని గాలి ఆ దారిన తేలిగ్గా బయటికి పోతుంది. దిగేటప్పుడు మాత్రం బయటి గాలి లోపలికి రావాలి. మూసుకున్న దారిని ఎదురు నెట్టుకుని రావడం కష్టం. చెవి పొర లోపలికి లాగినట్టయి నొప్పి పుడుతుంది. పసిపిల్లల్లో ఈ గొట్టం మరీ సన్నం, పైగా వాలు తక్కువ. అందుకే పైకి లేచేటప్పుడు నవ్వుతూ ఉన్న బిడ్డ దిగేటప్పుడు గుక్కపట్టి ఏడుస్తుంది.

దీనికి మందు గుటక. దిగడం మొదలైనప్పటి నుంచి బిడ్డ ఏదో ఒకటి మింగుతూ ఉండాలి. తల్లిపాలు ఇవ్వవచ్చు, సీసా ఇవ్వవచ్చు, కాస్త పెద్ద పిల్లలైతే గిన్నెతో కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టవచ్చు. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. చక్రాలు నేలకు తగలబోయే ముందు పాలిస్తే చాలదు. దిగడం నేలను తాకడానికి అరగంట ముందే మొదలవుతుంది. 'దిగడం మొదలు కాగానే నాకు చెప్పమ్మా' అని ఎయిర్ హోస్టెస్‌ను ముందే అడిగి ఉంచండి. అంతవరకు పాలసీసా దాచుకోండి. నిద్రపోతున్న బిడ్డ తక్కువగా గుటకలు వేస్తుంది కనుక ఆ సమయానికి మెల్లగా లేపడం మంచిది. లేపడానికి మనసొప్పదు, నిజమే. కానీ నొప్పితో ఉలిక్కిపడి లేవడం కన్నా అమ్మ లేపితే లేవడం మేలు కదా! ఎంత చేసినా ఏడిస్తే కంగారుపడవద్దు. ఏడుస్తూ వేసే గుటకలు కూడా చెవి తెరుచుకోవడానికి సాయపడతాయి.

పెద్దవాళ్ళు ఇలాంటప్పుడు పిప్పరమెంటు బిళ్ళ చప్పరిస్తారు. ఈ వయసు పిల్లలకు గట్టి బిళ్ళలు, వేరుశనగ గింజలు ఇవ్వకండి. గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. బిడ్డకు జలుబు బాగా ఉన్నా, చెవి పోటు ఉన్నా ప్రయాణానికి ముందే డాక్టరుకు చూపించండి. ఒక వారం వాయిదా వేయమంటే వేయండి.

డాక్టరు మాట వచ్చింది కనుక మరొక హెచ్చరిక. 'ఒక చెంచా జలుబు మందు తాగించు, హాయిగా పడుకుంటుంది' అని సలహా చెప్పేవాళ్ళు మన ఇళ్ళ చుట్టూ ఉంటారు. వాళ్ళు ప్రేమతోనే చెబుతారు. కానీ ఆ పని చేయకండి. ప్రొమెథజైన్ అనే మందు రెండేళ్ళ లోపు పిల్లల్లో ఊపిరిని మందగింపజేసి ప్రాణానికే ప్రమాదం తేగలదని 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని సీసా మీదే ముద్రించాలని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. పైగా ఈ మందులు కొందరు పిల్లల్లో నిద్రకు బదులు చిరాకును, అలజడిని పెంచుతాయి. రెండు గంటల నిశ్శబ్దం కోసం బిడ్డ ఊపిరితో ఆటలాడకూడదు.

తిండి విషయంలో కొత్తవి వద్దు. ఇంట్లో తినే ఇడ్లీ, అరటిపండు, మెత్తగా కలిపిన పెరుగన్నం, మరమరాలు చాలు. కొండ మీదికి తీసుకువెళ్ళిన చిప్స్ పొట్లం ఉబ్బడం చూసే ఉంటారు. లోపలి గాలి వ్యాకోచించడం వల్ల అలా జరుగుతుంది. బిడ్డ పొట్టలోని గాలి సంగతీ అంతే. కాబట్టి శనగలు, కూల్‌డ్రింకులు వద్దు. పాలసీసా అంచు దాకా నింపకుండా, మూత మెల్లగా తీయండి. లేకపోతే పాలు చిమ్ముతాయి. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది కనుక తరచుగా నీళ్ళు పట్టండి. విదేశీ ప్రయాణాల్లో చేతిసంచీలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాలు ఉన్న సీసాలను రానివ్వరు. పసిబిడ్డ ప్రయాణానికి కావలసిన పాలు, తిండికి మినహాయింపు ఉంటుంది. తనిఖీ దగ్గర వాటిని విడిగా తీసి చూపించండి. లోపల చలిగా ఉంటుంది. ఒక మందపాటి స్వెట్టరు కన్నా రెండు నూలు చొక్కాలు, మేజోళ్ళు, ఒక పాత దుప్పటి మంచివి.

ఇక ఆటలు. బళ్ళో చిన్న తరగతులకు పాఠం చెప్పే ఎవరినడిగినా ఒక మాట చెబుతారు. ఈ వయసు పిల్లల మనసు ఒక వస్తువు మీద ఐదారు నిమిషాలకు మించి నిలవదు. అందుకని ఆట వస్తువులన్నీ ఒకేసారి ముందు పోయకండి. ఐదారు చిన్న వస్తువులు తీసుకుని ఒక్కోదాన్ని పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఉంచండి. అరగంటకొకటి ఇవ్వండి. కాగితం విప్పడమే బిడ్డకు పెద్ద ఆట. చన్నపట్న కొయ్యబొమ్మ కానీ, ఏటికొప్పాక లక్కబొమ్మ కానీ ఒకటి ఉంటే మంచిది. నోట్లో పట్టేంత చిన్నది కాకుండా చూసుకోండి. మూత పెట్టి తీసే డబ్బా, పాత తాళంచెవుల గుత్తి, నాలుగు రంగుల గుడ్డముక్కలు కూడా బొమ్మలతో సమానమే. ఫోనులో బొమ్మల కథలు చూపించదలిస్తే ముందే దింపుకుని ఉంచుకోండి. దాన్ని మొదటే బయటికి తీయకండి. అన్నీ అయిపోయాక అక్కరకు వచ్చే వస్తువు అది.

ప్రయాణానికి వారం ముందు నుంచి ఇంట్లో విమానం ఆట ఆడించండి. రెండు కుర్చీలు వరసగా వేసి, తువ్వాలు బెల్టులా కట్టి, 'టిక్' అనండి. 'ఝుయ్' అని లేవండి. తర్వాత 'గుటక వేయమ్మా' అని నీళ్ళు పట్టండి. వారం రోజులు ఆడిన బిడ్డకు నిజమైన బెల్టు చూడగానే అది తనకు తెలిసిన ఆటే అనిపిస్తుంది. విమానాశ్రయంలో కాచుకునే సమయంలో బిడ్డను ఒళ్ళో కట్టేయకుండా నడిపించండి, పరిగెత్తనివ్వండి. అలసిన కాళ్ళు లోపల కుదురుగా ఉంటాయి.

మన ఇళ్ళకు సంబంధించిన సంగతి మరొకటి ఉంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో వింటూ పెరుగుతారు. విమానంలో మైకులో వినిపించేది ఎక్కువగా హిందీ, ఇంగ్లీషు. మనుషులు కొత్త, వాసన కొత్త, ఆ హోరు కొత్త. అన్ని కొత్తల మధ్య బిడ్డకు తెలిసింది అమ్మ గొంతు, నాన్న గొంతు. ఆ గొంతును మూగబోనివ్వకండి. పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. ఇంట్లో పాడే జోలపాటే చెవి దగ్గర మెల్లగా పాడండి. వేళ్ళ మీద కథ చెప్పండి. చీర కొంగు చాటున బూచి ఆట ఆడండి. ఇంట్లో ఏ వేళకు ఎలా జోకొడతారో అలాగే జోకొట్టండి. బిడ్డ మామూలుగా నిద్రపోయే వేళకు విమానం దొరికితే మరీ మంచిది.

తండ్రులకు ఒక మాట. తల్లి ఒక్కతే బిడ్డతో పెనుగులాడుతుంటే నడవా అవతలి సీట్లో పేపరు చదువుతూ కూర్చోవద్దు. బయలుదేరే ముందే వంతులు వేసుకోండి. తోటి ప్రయాణికులుగా వెళ్ళే శ్రోతలకూ ఒక మాట. పక్క సీట్లో బిడ్డ ఏడిస్తే విసుగ్గా చూడకండి. ఆ తల్లి అప్పటికే తొమ్మిది గంటల ప్రయాణంలో సగం దాటి అలసి ఉంటుంది. సంచీ అందుకోండి, ఒక చిరునవ్వు నవ్వండి. బిడ్డకు ఏదైనా పెట్టదలిస్తే తల్లిని అడిగి పెట్టండి.

వేసవి సెలవులు రాగానే మనలో ఎందరో ఈ ప్రయాణాలు చేస్తారు. అవసరమైన వస్తువుల పట్టీని ఈ సాయంత్రమే రాసి గోడకు అంటించుకోండి. దిగే అరగంటకు దాచవలసిన పాలసీసాను ఆ పట్టీలో మొట్టమొదట రాయండి.