తుపాను ముందు మోటారు, మందు పంపు

"తుపాను వస్తా ఉందంట అత్తా. ఫోనులో మెసేజి వచ్చింది."

"బియ్యం మూట అటక మీద పెట్టావా?"

"పెట్టా."

"దూడను లోపల కట్టేశావా?"

"కట్టేశా."

"మరి బావి కాడ మోటారు?"

కోడలు మాట్లాడలేదు. మోటారు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

చాలా ఇళ్ళల్లో ఇంతే. బియ్యం, బట్టలు, గొడ్డూ గోదా గుర్తుంటాయి. పొలంలో ఉన్న మోటారు, కొట్టం మూల పడేసిన మందు పంపు గుర్తుండవు. తుపాను పోయాక అవే ముందు కావాలి. అప్పుడు చూస్తే మోటారు కాలిపోయి ఉంటుంది. వైండింగు చేయించాలంటే వేలల్లో ఖర్చు.

కాశ్మీరు లాంటి చోట్ల చలికాలం పంపులకు గండం. చలికి పైపులో నీళ్ళు గడ్డ కడతాయి. నీరు గడ్డ కడితే ఉబ్బుతుంది. ఆ బలానికి ఇనుప పైపు కూడా పగిలిపోతుంది. అందుకని అక్కడివాళ్ళు చలి ముదరక ముందే పంపులో నీళ్ళు వంచేస్తారు. మన కావలిలో ఆ బాధ లేదు. మనకు గండం అంటే గాలివాన, వరద, ఉప్పు గాలి.

1989 నవంబరులో వచ్చిన తుపానును పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. అది మన సముద్రంలో పుట్టింది కాదు. థాయిలాండు దేశం అవతల పుట్టింది. ఆ దేశాన్ని దాటి బంగాళాఖాతంలోకి వచ్చింది. నవంబరు 8, 9 తేదీల్లో మన కావలి దగ్గరే తీరం దాటింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరం పక్కనే సాగి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. దీపావళి వెళ్ళాక సంక్రాంతి లోపల మనకు ఎప్పుడైనా తుపాను రావచ్చు. అయితే ఇప్పుడు రెండు మూడు రోజుల ముందే కబురు తెలుస్తుంది. మోటారును కాపాడుకోవడానికి ఒక పూట చాలు.

బావి గట్టు మీద ఉండే మోటారును విప్పి ఇంటికి తెచ్చుకోవడమే మంచిది. ముందు మెయిను ఆపాలి. ఫీజులు పీకి ఇంట్లో దాచాలి. ఆ తరువాతే బోల్టులు విప్పాలి. కరెంటు తీగలు విప్పే పని తెలిసిన మనిషే చెయ్యాలి. మోటారు బరువు ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పట్టాలి. తేలేకపోతే ఎత్తైన చోట పెట్టి, పైన పట్ట కప్పి తాడుతో కట్టాలి. పట్టను చుట్టూ బిగించి మూట కట్టకూడదు. అడుగున గాలి ఆడాలి. గాలి ఆడకపోతే ఎండ వచ్చినప్పుడు లోపల చెమ్మ చేరుతుంది. వాన తడపకపోయినా ఆ చెమ్మే తడిపేస్తుంది.

బోరులో దించిన మోటారుకు నీళ్ళ భయం లేదు. అది ఉండేదే నీళ్ళల్లో. దాని స్టార్టరు డబ్బాకే భయం. ఆ డబ్బాను వరద అందనంత ఎత్తులో బిగించుకోవాలి. బోరు మూతి గట్టిగా మూసి ఉండాలి. లేకపోతే బురద లోపలికి పోతుంది. మూత లేని బోరులో పసిబిడ్డలు పడి చచ్చిపోయిన ఊళ్ళు ఉన్నాయి. దీనికి తుపాను దాకా ఆగకూడదు. ఈ రోజే చూడండి.

అసలు ముప్పు తుపాను పోయాకే ఉంటుంది. వాన వెలిసింది, నారుమడి మునిగి ఉంది, నీళ్ళు తోడెయ్యాలి. ఆ ఆత్రంలో వెళ్ళి స్విచ్చి వేస్తారు. తడిసిన మోటారుకు కరెంటు ఇస్తే ఏమవుతుంది? లోపల రాగి తీగ చుట్ట ఉంటుంది. తీగకు పైన పల్చటి పూత ఉంటుంది. చుట్టలో బురద నీళ్ళు చేరితే కరెంటు తీగలో ఆగదు. మోటారు ఒంట్లోకి వస్తుంది. అయితే మోటారు కాలుతుంది, లేకపోతే ముట్టుకున్న మనిషి పోతాడు. ఎర్తు సరిగా లేని చోట మనిషే పోతాడు.

అందుకే ఒకసారి మునిగిన మోటారుకు స్విచ్చి వెయ్యొద్దు. పైకి ఆరినట్టు కనబడినా వెయ్యొద్దు. మెకానిక్కు దగ్గరికి చేర్చండి. అతను విప్పి, బురద కడిగి, ఆరబెట్టి, మీటరు పెట్టి చూస్తాడు. సముద్రం నీళ్ళు, రొయ్యల గుంట నీళ్ళు తగిలి ఉంటే ఆ మాట అతనికి తప్పకుండా చెప్పండి. ఉప్పు ఉంటే ముందు మంచినీళ్ళతో కడగాలి. ఆరబెట్టినంత మాత్రాన ఉప్పు పోదు. లోపలే ఉండి తినేస్తుంది.

పొలంలో తీగ తెగి పడి ఉంటే దగ్గరికి పోవద్దు. కట్టెతో తొయ్యొద్దు. తడి కట్టెలో కూడా కరెంటు పారుతుంది. 1912 నంబరుకు ఫోను చెయ్యండి. ఈ నాలుగు అంకెలూ గోడ మీద బొగ్గుతో రాసుకోండి. చదువుకున్నది ఇలాంటి వాటికి కూడా పనికి రావాలి కదా.

వరదలో బోరింగు మునిగితే ఆ నీళ్ళు తాగొద్దు. పైన నీళ్ళు తేటగానే కనబడతాయి. కానీ పెంటకుప్ప మీద పారిన నీళ్ళే పైపు పక్కనుంచి లోపలికి దిగి ఉంటాయి. పంచాయతీ వాళ్ళకు చెప్పి బ్లీచింగు పౌడరు వేయించండి. అప్పటిదాకా నీళ్ళు సలసల మరిగించి చల్లార్చి తాగండి.

ఇక మందు పంపు. పంపు కడగడం ఆడవాళ్ళ పని అని ఎవరు రాశారో గానీ, చాలా ఇళ్ళల్లో ఆ పని మన మీదే పడుతుంది. మందు మిగిలిన పంపును కొట్టంలో పడేస్తే, వరద నీళ్ళల్లో తేలి ఆ మందు ఎక్కడికి పోతుందో చెప్పలేం. కాబట్టి ముసురు పట్టక ముందే కడిగి పెట్టాలి. చేతికి తొడుగు వేసుకోండి. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు ఈ పని చెయ్యొద్దు. ఇంట్లో మగవాళ్ళనే చెయ్యమనండి.

బోరింగు దగ్గర, చెరువులో, అంట్లు తోమే చోట కడగొద్దు. పొలంలోనే మూడు సార్లు నీళ్ళు పోసి, ఆడించి, గొట్టం గుండా బయటికి కొట్టాలి. ఆ నీళ్ళు మందు కొట్టిన మడిలోనే పడాలి. కలుపు మందు కొట్టిన పంపును సబ్బు నీళ్ళతో కూడా కడగాలి. అందులో కాస్త మిగిలినా తరువాత మిరప, పత్తి మొక్కలు ముడుచుకుపోతాయి. చాలామంది నాజిల్‌ను నోటితో ఊదుతారు. అది మందు నోట్లో పోసుకోవడమే. మెత్తటి బ్రష్షుతో తోముకోండి.

కడిగాక మూత తీసి బోర్లించి ఆరబెట్టాలి. బ్యాటరీ పంపు అయితే బ్యాటరీ తీసి, చార్జింగు పెట్టి, పొడి చోట ఉంచాలి. పెట్రోలు పంపులో పెట్రోలు వంచేయాలి. మన వైపు ఉప్పు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఇనుప ముక్కలకు నూనె గుడ్డతో ఒక తుడుపు తుడవండి. చెమ్మ తగలకుండా అటక మీద, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. బియ్యం మూట పక్కన మాత్రం వద్దు.

తుపాను పోయాక పంపు దించినప్పుడు వెంటనే మందు కలపొద్దు. ముందు ఉత్త నీళ్ళు పోసి కొట్టి చూడండి. ఎక్కడ కారుతుందో అప్పుడే తెలుస్తుంది. వాసరు ఎండి బిరుసెక్కి ఉంటే మార్చుకోండి. కారే పంపు వీపున వేసుకుంటే మందు పైరు మీద కాదు, నడుము మీద పడుతుంది.