అగ్గిపుల్ల కనిపెట్టిన గొంతు

ఆ స్విచ్చి మూడు చోట్ల మాత్రమే ఆగుతుంది. రెండు మెట్ల నడుమ దాన్ని నిలబెట్టాలని వాద్యగాళ్ల పట్టుదల. చెయ్యి వదిలితే అటో ఇటో జారిపోతుంది. దాంతో కొందరు అగ్గిపుల్ల ముక్కో, పళ్లు కుట్టుకునే పుల్లో సందులో ఇరికించి వాయించారు. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటారు సంగతి ఇది. అగ్గిపుల్ల చేస్తున్న పనిని కంపెనీయే చేసి, అయిదు చోట్ల ఆగే స్విచ్చిని బిగించేసరికి 1977 వచ్చింది. వాద్యగాళ్ల చెవికి తెలిసిన విషయం ఫ్యాక్టరీకి ఎక్కడానికి 23 ఏళ్లు పట్టిందన్నమాట.

గిటారు లోపలి తీగలు మార్చుకునే అలవాటుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. కొత్త గిటారు కొనే స్తోమత లేనివాడు కూడా చేతిలో ఉన్నదాని గొంతు మార్చుకోవచ్చు. కావలసినవి సోల్డరింగ్ ఐరన్, మూరెడు తీగ, చిన్న స్విచ్చి, బోలెడు ఓపిక. రేడియో రిపేరు తెలిసినవారికి ఇది చేతి కింద పని. అసలు ఆ గిటారుకు పేరిచ్చిన లియో ఫెండరే కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్లో రేడియో రిపేరు దుకాణం నడిపిన మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదు!

చెక్క పాడదు, చుట్ట పాడుతుంది

వీణకు కుండ ఉంది. మామూలు గిటారుకు డొల్ల పెట్టె ఉంది. స్ట్రాటోకాస్టర్ వంటి గిటారుకు రెండూ లేవు, గట్టి చెక్క పలక మాత్రమే. దాని మీద, తీగల కింద అయస్కాంతపు కడ్డీలు ఉంటాయి. వాటి చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగి తీగను కొన్ని వేల చుట్లు చుడతారు. దీనినే పికప్ అంటారు. పైన ఉక్కు తీగ కంపించగానే అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, రాగి చుట్టలో అతి స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయరు దాన్ని పెంచి స్పీకరుకు పంపుతుంది. అయస్కాంత క్షేత్రాన్ని చెదరగొట్టగల లోహం కావాలి కనుక నైలాను తీగలు ఈ పికప్‌కు వినపడవు.

స్ట్రాటోకాస్టర్‌లో ఇలాంటివి మూడు. మెడ దగ్గరి పికప్ గొంతు గుండ్రంగా, నిండుగా ఉంటుంది. బ్రిడ్జి దగ్గర తీగ ఊపు తక్కువ కాబట్టి అక్కడి పికప్ పదునుగా, కీచుగా పలుకుతుంది. మూడోది నడిమిది. పాత స్విచ్చి ఈ మూడింటిలో ఒక్కొక్కదాన్నే ఎంచుకునేది. అగ్గిపుల్ల పెట్టి మధ్యలో ఆపితే పక్కపక్క పికప్‌లు రెండూ ఒకేసారి పనిచేసి, గాజు గ్లాసులు తగిలినంత పల్చని స్వరం వినిపించేది.

ఈ స్వరాన్ని చాలామంది వాద్యగాళ్లు ‘అవుట్ ఆఫ్ ఫేజ్’ అంటుంటారు. అది పొరపాటు పేరు. అక్కడ రెండు పికప్‌లూ ఒకే దిశలో, సమాంతరంగా కలిసి పనిచేస్తున్నాయి. నిజంగానే ఎదురు దిశలో కలిపితే అడుగు స్వరాలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ముక్కుతో పాడినట్లు సన్నని గొంతు మిగులుతుంది. ఫ్లీట్‌వుడ్ మాక్ బృందానికి చెందిన పీటర్ గ్రీన్ వాయించిన 1959 నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటారు ఇందుకు ప్రసిద్ధి. దాని మెడ పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉంది. రిపేరు చేసేవాడి లెక్కన అది లోపమే. కానీ ఆ లోపమే ఆ గిటారుకు పేరు తెచ్చింది. తర్వాత అది గారీ మూర్ చేతికి, 2014లో మెటాలికా బృందపు కిర్క్ హామెట్ చేతికి చేరింది.

హోరు వదిలేదెలా?

ఒంటి చుట్ట పికప్‌కు ఉన్న జబ్బు గుయ్‌మనే హోరు. పెళ్లి పందిట్లో ట్యూబులైట్ల కింద కూర్చుని వాయించినవారికి దీని గురించి చెప్పనక్కరలేదు. మన కరెంటు 50 సైకిళ్లది, హోరు కూడా ఆ లెక్కనే పలుకుతుంది. దీనికి విరుగుడుగా గిబ్సన్ ఇంజనీరు సేత్ లవర్ తయారుచేసిన హంబకర్ పికప్‌కు 1955లో పేటెంటు దరఖాస్తు పడింది. అందులో రెండు చుట్టలు పక్కపక్కన ఉంటాయి. రెండోదానికి అయస్కాంత ధ్రువమూ తిరగేశారు, విద్యుత్తు పారే దిశా తిరగేశారు. తీగ స్వరానికి రెండుసార్లు తిరగేయడం వల్ల తేడా రాదు, రెండూ కలిసి పెద్దదవుతాయి. బయటినుంచి వచ్చే హోరుకు అయస్కాంతంతో పని లేదు కనుక అది ఎదురెదురై చచ్చిపోతుంది.

ఈ కిటుకునే స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్లలో నడిమి పికప్‌కు వాడతారు. అప్పుడు అయిదు మెట్ల స్విచ్చిలో రెండో, నాలుగో మెట్ల దగ్గర హోరు అణిగిపోతుంది. నడిమి పికప్ ఒక్కటే మార్చదలచినవారు కొనేముందు ఈ సంగతి అడిగి తీసుకోవాలి. లేకుంటే ఉన్న సౌఖ్యం పోతుంది.

హంబకర్లో ఒక చుట్టను ఆపి రెండోదానితో వాయించే ఏర్పాటు కూడా చాలామంది చేయించుకుంటారు. గొంతు పల్చబడుతుంది, శబ్దం తగ్గుతుంది, హోరు తిరిగి వస్తుంది. పైగా రెండు చుట్టల కొసలు విడివిడిగా బయటికి వచ్చిన పికప్ అయితేనే ఇది సులువు. పాతవాటిలో చాలావాటికి ఒక తీగా, పైన ఎర్తు అల్లికా మాత్రమే ఉంటాయి.

అయిదుకు రెండు కలిపితే ఏడు

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న మార్పు ఒకటి ఉంది. అయిదు మెట్ల స్విచ్చి ఉన్నా మెడ పికప్‌నూ బ్రిడ్జి పికప్‌నూ జత చేయడం దానివల్ల కాదు. మూడూ కలపడం అసలే కుదరదు. ఒక చిన్న ఆన్-ఆఫ్ స్విచ్చి తెచ్చి, మెడ పికప్ తీగ స్విచ్చికి వచ్చే చోటినుంచి ఒక తీగను, వాల్యూమ్ కంట్రోలుకు వెళ్లే చోటినుంచి మరో తీగను దానికి కలిపితే చాలు. ఆన్ చేస్తే మెడ పికప్ ఎప్పుడూ పలుకుతూనే ఉంటుంది. స్విచ్చి బ్రిడ్జి మీద పెడితే ఆ జత, బ్రిడ్జి-నడిమి మెట్టు మీద పెడితే మూడూ. గొంతులు అయిదు కాస్తా ఏడవుతాయి.

పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్‌లో ఇలాంటి చిన్న స్విచ్చే ఉంది. దాని పికప్‌లు, మెడ, తీగలు ఎన్నో సార్లు మారాయి. ముట్టుకోని పాత గిటారుకే ధర ఎక్కువని చెప్పేవారున్నారు. 2019లో ఈ గిటారు 39 లక్షల 75 వేల డాలర్లకు వేలంలో పోయింది. అప్పటికి గిటారుకు అదే రికార్డు ధర. అయితే అది గిల్మర్ గిటారు కాబట్టి. మామూలు ఇంట్లో పాత గిటారుకు పలకలో కన్నం పెడితే దాని ధర తగ్గడమే తప్ప పెరగదు. అందుకే కన్నం పెట్టకుండా, ఉన్న టోన్ కంట్రోలు స్థానంలో పైకి లాగితే స్విచ్చిగా పనిచేసే కంట్రోలును బిగించడం మేలు. నచ్చకపోతే మళ్లీ పాతదే పెట్టుకోవచ్చు.

క్వీన్ బృందపు బ్రయాన్ మే ఈ బాధే లేకుండా చేసుకున్నాడు. 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు తయారుచేయడం మొదలుపెట్టాడు. మెడకు పాత పొయ్యిగూటి పైచట్రం చెక్క వాడారు. మూడు పికప్‌లలో ప్రతిదానికీ ఆపడానికి ఒక స్విచ్చి, దిశ తిరగేయడానికి మరొకటి ఉన్నాయి. సమాంతరంగా కాక, పికప్‌లను ఒకదాని వెనుక ఒకటిగా కలిపారు. దానితో గొంతు మందమవుతుంది, బలమూ పెరుగుతుంది.

ఉన్న వాయిద్యాన్ని తన సంగీతానికి ఒప్పించుకోవడం తెలుగువారికీ తెలియనిది కాదు. 1969లో పాలకొల్లులో పుట్టి 2014లో కన్నుమూసిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండలిన్‌ను కాదని, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ మీద కర్ణాటక సంగీతం పలికించారు. గమకం సాగాలంటే నాదం నిలవాలి. ఆ నిలుపు పికప్, ఆంప్లిఫయర్ల వల్ల దక్కింది.

తెగితే అతకడం కష్టం

పలక విప్పేముందు ఏ రంగు తీగ ఎక్కడుందో బొమ్మ గీసుకోవాలి, లేదా సెల్‌ఫోనుతో ఫోటో తీసుకోవాలి. పికప్ చుట్ట కొసలు లాగితే తెగుతాయి. తెగితే మళ్లీ చుట్టించడమే దారి. కంట్రోలు వీపు మీద సోల్డరు పట్టడానికి వేడి ఎక్కువ కావాలి. బలహీనమైన ఐరన్‌తో నిమిషాల తరబడి నొక్కి పట్టుకుంటే లోపలి కార్బన్ పట్టీ మాడుతుంది. బాగా కాగిన ఐరన్‌తో రెండు మూడు సెకన్లలో ముగించడమే పద్ధతి. ఒంటి చుట్ట పికప్‌లకు సాధారణంగా 250 కిలోఓముల కంట్రోళ్లు, హంబకర్లకు 500వి వాడతారు. తారుమారైతే గొంతు కీచుగానో, మూగగానో మారుతుంది. పికప్‌ను తప్పు పట్టేముందు దీన్ని చూసుకోవాలి.

ఒక తీగను మాత్రం ఎవరూ ఊడదీయరాదు. వెనుక స్ప్రింగుల దగ్గరనుంచి కంట్రోలు వీపుకు వెళ్లే ఎర్తు తీగ అది. వాయించే తీగలను వేలితో తాకగానే హోరు తగ్గితే అది సరిగ్గా ఉన్నట్లు లెక్క. గిటారులో పుట్టే విద్యుత్తు ఎవరికీ షాకు కొట్టదు. ప్రమాదం గోడ సాకెట్టు నుంచి వస్తుంది. హోరు పోతుందని ఆంప్లిఫయరు ప్లగ్గులో లావుపాటి ఎర్తు పిన్ను తీసేసేవారున్నారు. అప్పుడు ఆంప్లిఫయరులో ఎక్కడైనా కరెంటు లీకైతే అది ఇదే తీగ గుండా వాద్యగాడి వేళ్లదాకా వస్తుంది. అతడి పెదవి మైకుకు తగిలితే దారి పూర్తయినట్లే. మైకు వైపు లోపమున్నా ఇంతే. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్‌సీలో స్టోన్ ది క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వే చేతిలో గిటారుతో, ఎర్తు సరిగాలేని మైకును తాకి ప్రాణం పోగొట్టుకున్నాడు. వయసు 27.

పందిట్లో గిటారు ఆంప్లిఫయరు, మైకు సెట్టు రెండింటికీ ఎర్తు ఉన్న ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోవడం, పాట మొదలుకాకముందే మైకు జాలీ మీద టెస్టరు పెట్టి చూడడం అయిదు నిమిషాల పని. టెస్టరు వెలిగితే గిటారు కింద పెట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.