సైగ లేకుండా పట్టిన బంతులు

మా కాలేజీ టీములో నేను వికెట్ కీపర్ని. మా లెగ్ స్పిన్నర్ గూగ్లీ వేసే ముందు టోపీ సర్దుకునేవాడు. అదే మా సైగ. ఒకసారి మర్చిపోయాడు. బంతి నా పై పెదవి చీల్చింది. వారం రోజులు మజ్జిగన్నమే గతి. అందుకే నల్లజాతి అమెరికన్ బేస్‌బాల్ ఆటగాడు మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ కథ చదివినప్పుడు నా చెయ్యి పెదవి మీదికే పోయింది.

వాకర్ 1856లో ఒహాయో రాష్ట్రంలోని మౌంట్ ప్లెజెంట్‌లో పుట్టాడు. ఓబర్లిన్ కాలేజీలోనూ, మిషిగన్ యూనివర్సిటీలోనూ చదువుతూనే బేస్‌బాల్ ఆడాడు. 1883లో టొలీడో జట్టులో చేరాడు. ఆ ఆగస్టులో ఆడటానికి వచ్చిన షికాగో జట్టు కెప్టెన్ క్యాప్ ఆన్సన్, నల్లవాడు దిగితే తాము ఆడబోమన్నాడు. నిజానికి చేతులు దెబ్బతిని ఉన్నాయని వాకర్‌కి ఆ రోజు విశ్రాంతి ఇద్దామనుకున్నారు. ఆ మాట విన్నాక టొలీడో మేనేజర్ పట్టుబట్టి మరీ అతన్ని ఫీల్డింగ్‌కి దించాడు. టికెట్ల డబ్బులో వాటా పోతుందని ఆన్సన్ నోరు మూసుకుని ఆడాడు.

మరుసటి ఏడు టొలీడో అప్పటి మేజర్ లీగుల్లో ఒకటైన అమెరికన్ అసోసియేషన్‌లోకి వచ్చింది. 1884 మే 1న వాకర్ లూయీవిల్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. మేజర్ లీగుల్లో నల్లవాళ్ల మీది అడ్డుగోడ కూల్చిన జాకీ రాబిన్సన్ అక్కడికి రావడానికి ఇంకా 63 ఏళ్లుంది.

వాకర్ క్యాచర్. అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. బంతి విసిరే పిచర్‌కి ఏ బంతి వెయ్యాలో సైగ చేసేదీ అతనే. ఇప్పటి మందపాటి గ్లవ్స్ అప్పుడు లేవు. ఒట్టి చేతులు, మహా అయితే పల్చటి తోలు తొడుగులు. జట్టులో మేటి పిచర్ టోనీ ముల్లేన్ నల్లవాడి సైగ తనకేమిటని తోచిన బంతి వేసేవాడు. వంకర తిరుగుతుందనుకున్నది నేరుగా దూసుకొచ్చేది. మా స్పిన్నర్‌ది మతిమరుపు. ముల్లేన్ కావాలనే వేశాడు. వాకర్ అతని దగ్గరికి వెళ్లి, సైగ చేశాక మాట తప్పితే పట్టనని, అసలు సైగలే వద్దు, ఏది వేసినా పడతానని తేల్చేశాడు. ఆ సీజన్ అలాగే పట్టాడు. గాయాలతో 42 మ్యాచ్‌లే ఆడగలిగాడు. ముల్లేన్ ఖాతాలో 36 గెలుపులు పడ్డాయి.

తర్వాత వాకర్ మేజర్ లీగుల కింది స్థాయిలోని ఇంటర్నేషనల్ లీగ్‌లో ఆడాడు. 1887 జూలైలో ఆ లీగ్ యజమానులు, ఇకపై నల్లవాళ్లతో కొత్త ఒప్పందాలు వద్దని 6-4 ఓట్లతో తీర్మానించారు. 1889లో సిరక్యూస్ జట్టు నుంచి వాకర్ వెళ్లిపోయాక, 1946లో రాబిన్సన్ వచ్చేదాకా ఆ లీగ్‌లో మరో నల్ల ఆటగాడు లేడు.

సైగల సంగతి బయటపెట్టింది ముల్లేనే, 1919లో. తాను కలిసి ఆడిన క్యాచర్లలో వాకరే మేటి అనీ, నల్లవాడు కాబట్టి తనకు గిట్టలేదనీ ఒకే ఊపులో చెప్పాడు. అప్పటికి వాకర్ బతికే ఉన్నాడు. 1924లో పోయాడు. అతని సమాధి మీద పేరు చెక్కిన రాయి పెట్టింది 1991లో.