చర్చి చిత్రములలోని గురుతులు

మన పాఠశాల బాలురను వేలూరు కోట చూపుటకు తీసికొనిపోయిన దినమున, ఆ ఊరిలోనే ఒక చర్చిని కూడ దర్శించితిమి. అచ్చట బైబిలును ఉంచి చదువు పీఠము రెక్కలు విప్పిన పక్షి రూపమున నుండెను. అయిదవ తరగతి బాలుడొకడు దానిని చూచి, "అయ్యవారూ, ఇక్కడ కూడ గరుడాళ్వారున్నారే!" అనెను. తోటివారు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. పళ్ళికొండ రంగనాథస్వామి కోవెల నీడను పెరిగిన బిడ్డకు అట్లు తోచుట సహజము. వాడు గురుతును చూచెను గాని, దానిని చదువుట వానికెవరును నేర్పియుండలేదు. ఆనాడు బాలురకు చెప్పిన సంగతులనే తల్లిదండ్రుల కొరకు ఇచ్చట వ్రాయుచున్నాను.

యేసుక్రీస్తు చరిత్రను తెలుపు సువార్తలు నాలుగు. వానిని మత్తయి, మార్కు, లూకా, యోహాను అను వారి పేర్లతో పిలుతురు. చిత్రకారులు మత్తయికి రెక్కలు గల మనుష్యుని, మార్కునకు రెక్కల సింహమును, లూకాకు రెక్కల ఎద్దును, యోహానునకు పక్షిరాజును గురుతులుగా నిలిపిరి. యెహెజ్కేలు ప్రవక్త దర్శనమునందును, ప్రకటన గ్రంథము 4వ అధ్యాయమునందును ఇట్టి నాలుగు జీవుల వర్ణన గలదు. సుమారు 180వ సంవత్సరమున ఇరేనియసు అను బిషప్పు ఈ జీవులను నాలుగు సువార్తలతో పోల్చెను. అయితే ఆయన సింహమును యోహానునకును, పక్షిరాజును మార్కునకును ఇచ్చెను. 4వ శతాబ్దము చివర జెరోము అను పండితుడు చెప్పిన క్రమమే తరువాత స్థిరపడినది.

ఈ క్రమమునకు కారణము ఆయా గ్రంథముల ఆరంభములందే యున్నది. మత్తయి క్రీస్తు వంశావళితో మొదలిడెను, కావున మనుష్యుడు. మార్కు అరణ్యమున వినిపించు కేకతో ఆరంభించెను, కావున సింహము. లూకా దేవాలయమున సేవచేయు జెకర్యా యాజకుని కథతో ప్రారంభించెను; కావున బలికి అర్పింపబడు ఎద్దు. యోహాను సృష్టికి పూర్వమున్న వాక్యమును గూర్చి పలికెను. కావున మిక్కిలి ఎత్తున ఎగురు పక్షి. బాలుడు చూచిన పీఠమునకు ఆ రూపమేర్పడుటకును ఇదియే కారణము. ఇవి మన దేవతల వాహనముల వంటివి కావు. గ్రంథములకు పెట్టిన గురుతులు.

దేవదూతల సంగతి వేరు. దూత యనగా వార్త కొనివచ్చువాడు. గ్రీకు మాటకును అదియే అర్థము. తొలినాటి క్రైస్తవ చిత్రములలో దూతలకు రెక్కలు లేవు. 4వ శతాబ్దము చివరి నుండి అవి కానవచ్చినవి. చేత తెల్లని లిల్లీ పూవు పట్టి మరియమ్మ ఎదుట నిలిచినవాడు గబ్రియేలు. ఖడ్గము ధరించి ఘటసర్పమును త్రొక్కువాడు మిఖాయేలు. ఆరు రెక్కలు గలవారు యెషయా ప్రవక్త చూచిన సెరాపులు. రెక్కల మనుష్యుడు సింహము, ఎద్దు, పక్షులతో కూడియున్నచో అతడు దేవదూత కాడు, మత్తయి గురుతే.

చదువురాని వారికి కథ తెలుపుటకు ఇట్టి చిత్రములు ఎంతయో తోడ్పడినవి. తెలుగు దేశమున, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన మెదకు చర్చిలో క్రీస్తు జననమును, సిలువ మరణమును, ఆరోహణమును చూపు మూడు రంగుటద్దముల కిటికీలు గలవు. వెలుపలి ఎండ వానిపై పడినప్పుడు లోపల నున్నవారికి కథ యంతయు కనుపించును.

వేలూరు కోటలో జలకంఠేశ్వరస్వామి ఆలయము, మసీదు, 1846లో కట్టిన సెయింట్ జాన్స్ చర్చి ఒకే ప్రాకారమున నున్నవి. ఇట్టి సీమలో పెరుగు మన బిడ్డలు ఇరుగుపొరుగువారి గురుతులను చదువనేర్చుట మర్యాద. తమ సొంత గురుతులను మరువకుండుట అంతకంటె ముఖ్యము. మన ఇండ్ల చెక్కపెట్టెలలో తాతలనాటి తెలుగు భారత భాగవతములున్నవి. ఇంట తెలుగు పలుకుచు లిపి నెరుగని బిడ్డకు ఆ పుటలన్నియు వట్టి చుక్కల ముగ్గులే. తమిళమును చక్కగ నేర్వవలసినదే. అందుకై తెలుగును విడువ నక్కరలేదు. పాఠశాలలో మేము నేర్పు అక్షరము ఇంట చదివించువారు లేనిచో నిలువదు. సాయంకాలము ఒక పావుగంట బిడ్డచేత తెలుగు చదివించి వినుడని నా మనవి.

తిరుగు ప్రయాణమున ఆ బాలుడే, నవ్విన తోటివారికి నాలుగు గురుతులను వ్రేళ్ళపై లెక్కించి చెప్పుచుండెను.