రొయ్యల చెరువునకు ఋణము – సముద్రపు వలకు పోటీ

మన కోస్తా జిల్లాల రొయ్యలు అమెరికాకు ఎగుమతి యగుచున్న సంగతి పంచాయతీ సభ్యులెల్లరు ఎరిగినదే. 1992లో ప్రపంచ బ్యాంకు రొయ్యల, చేపల పెంపకమునకై మన దేశమునకు ఋణము మంజూరు చేసినది. అందు ఆంధ్రప్రదేశ్ కూడ చేరినది. ఆ బ్యాంకులో అత్యధిక వాటా అమెరికాదే. అచట లూసియానా, టెక్సాస్ తీరములలో సముద్రమున రొయ్యలు పట్టు జాలరులు, చవుక దిగుమతుల వలన తమ సరకునకు ధర పడిపోయినదనియు, తమ పన్నుల సొమ్మే తమకు పోటీని పెంచినదనియు వాపోవుచున్నారు. 2005లో అమెరికా మన రొయ్యలపై అదనపు సుంకము విధించినది. ఇట్టి ఋణములకు తమ ప్రభుత్వ ధనము పోరాదని 2024లో అచటి పార్లమెంటులో బిల్లు ప్రవేశపెట్టబడినది. దూరదేశపు సుంకమైనను, తుదకు మన చెరువు వద్ద రైతునకు దక్కు ధరపై దాని భారము పడును. కావున క్రొత్త చెరువుల విషయము చర్చకు వచ్చినపుడు ఒకే దేశపు కొనుగోలును నమ్ముకొనుట క్షేమమా యనియు, మన జాలరులకు సముద్రపు దారి నిలుచునా యనియు మనము ముందుగా విచారింపవలెను.